గుడ్డకు రెండో వైపు

బాతిక్ చిత్రం ముందు నిలబడ్డప్పుడు మనసులో మెదిలినా చాలామంది పైకి అడగని మాట ఒకటుంది: ఒకసారి తిరగేసి చూపిస్తారా? అడగాలి. చేత్తో వేసిన బాతిక్‌లో రంగు గుడ్డ పైపైన ఆగిపోదు, పోగుల్లోకి దిగుతుంది. దాన్ని ఆపే మైనం కూడా అలాగే దిగుతుంది. అందుకే వెనక వైపు కూడా అదే బొమ్మ, కుడి ఎడమలు మారి, దాదాపు అంతే నిండుగా కనిపిస్తుంది. యంత్రం మీద అచ్చేసిన గుడ్డయితే వెనక వెలవెలబోతుంది. కౌలాలంపూర్‌లోనూ పెనాంగ్‌లోనూ బాతిక్ పేరుతో కుప్పలు పోసి అమ్మే సరుకులో అసలేదో నకిలీ ఏదో తేల్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. ఆ రెండో వైపు చూపించేది ఇంకొకటి కూడా ఉంది. వేసిన గీతను చెరపడానికి వీల్లేని పని ఇది. గుడ్డ అడుగు దాకా దిగిన గీతకు దిద్దుబాటు ఉండదు. చిత్రకారుడు చివర చేయాల్సింది మొదటే ఆలోచించుకొని కూర్చున్నాడని ఆ వెనక వైపు చెబుతుంది.

నడుముకు చుట్టుకొనే ఈ గుడ్డ గోడ మీదికి ఎక్కిన ఊరు పెనాంగ్. 1955లో అక్కడి ఆర్ట్స్ కౌన్సిల్ పూనికతో చువా థియన్ టెంగ్ తన బాతిక్ చిత్రాలను మొదటిసారి ఊరి జనం ముందు పెట్టాడు. అప్పటిదాకా బాతిక్ అంటే ఆడవాళ్ళ సారంగు, భుజాన వేసుకొనే పైగుడ్డ, పసిబిడ్డను ఒంటికి కట్టుకొనే జోలె. దాన్ని చట్రంలో బిగించి చిత్రమనడం కొత్త సంగతి. టెంగ్ చైనాలోని ఫూజియన్ ప్రాంతంలో పుట్టి, యువకుడిగా పెనాంగ్ చేరి అక్కడే స్థిరపడ్డ మనిషి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సారంగులు తయారుచేసే బాతిక్ కార్ఖానా పెట్టాడు. అది నిలదొక్కుకోలేదు. చేతిలో మైనం ఉంది, రంగులున్నాయి, వాటిని వాడే ఒడుపు పట్టుబడింది, పైగా చిత్రకళ నేర్చుకున్న చెయ్యి. 1953 ప్రాంతంలో ఆ రెంటినీ కలపడం మొదలుపెట్టాడు. మలేసియా కళాచరిత్ర బాతిక్‌ను చిత్రకళగా మలచిన తొలి మనిషిగా ఆయన పేరే చెబుతుంది.

ఆయన చేసిందేమిటో అర్థం కావాలంటే పని దగ్గర కూర్చోవాలి.

ముందు గుడ్డ. నేత సన్నగా ఉన్న తెల్లటి నూలుగుడ్డ గానీ పట్టు గానీ. నూలైతే గంజి పూర్తిగా పోయేదాకా ఉతుకుతారు. గంజి మిగిలిన చోట రంగు పట్టదు, మచ్చలుగా తేలుతుంది. ఆరాక చెక్క చట్రానికి నాలుగు వైపులా బిగదీసి కడతారు. గుడ్డ అడుగున ఏదీ తగలకూడదు. తగిలిందా, మైనం కిందికి దిగి ఆ తగిలినదానికి అంటుకుంటుంది. పెన్సిలుతో లేతగా బొమ్మ గీసుకుంటారు. చెయ్యి తిరిగినవాళ్ళు చాలామంది అదీ గీసుకోరు.

తర్వాత మైనం. ఇది ఒకే పదార్థం కాదు. పారఫిన్, తేనెమైనం, గుగ్గిలం కలిపి కరిగిస్తారు. తేనెమైనం మెత్తన, గుడ్డతో పాటు వంగుతుంది. పారఫిన్ పెళుసు, వంచితే పగులుతుంది. గుగ్గిలం మైనాన్ని పోగుకు గట్టిగా అతుక్కొనేలా చేస్తుంది. ఎవరి పాళ్ళు వారివి. పగుళ్ళలోంచి రంగు పాకి సన్నని నరాల్లాంటి గీతలు రావాలనుకొనేవాళ్ళు పారఫిన్ పెంచుతారు, వద్దనుకొనేవాళ్ళు తగ్గిస్తారు. బాతిక్ అనగానే జనానికి గుర్తొచ్చేవి ఈ పగుళ్ళే. కానీ పగుళ్ళు నిండిన చిత్రంలో గీత చచ్చిపోతుంది. ఎక్కడ పగలాలో ఎక్కడ పగలకూడదో తేల్చుకున్న చిత్రకారుడిదే మంచి పని అని నా అభిప్రాయం.

గీసే పనిముట్టు చాంతింగ్. చెక్క పిడి, దాని కొసన చిన్న లోహపు గిన్నె, గిన్నెకు సన్నని ముక్కు. మరుగుతున్న మైనంలో ముంచి తీసి, కారే చుక్కను తుడిచి, ముక్కును గుడ్డకు ఆనీ ఆననట్టు పట్టి లాగుతారు. వేడి సరిపోయిందో లేదో గుడ్డే చెబుతుంది. సరైన వేడిలో ఉన్న మైనం గుడ్డను తాకగానే లోపలికి ఇంకి, ఆ గీత నూనె రాసిన కాగితంలా వెలుతురు చూపిస్తుంది. చల్లబడిందంటే పైనే తెల్లగా గడ్డకట్టి కూర్చుంటుంది, దాని అడుగునుంచి రంగు దూరుతుంది. వేడెక్కువైతే గీత గీతలా నిలవకుండా పక్కలకు పాకిపోతుంది. ఈ మూడింటికీ మధ్య తేడా కొన్ని క్షణాలే. అందుకే చాంతింగ్ పట్టిన చెయ్యి ఆగదు, ఆగిన చోట చుక్క పడుతుంది. గీత మొదలెట్టేముందే దాని చివరెక్కడో చూసి పెట్టుకోవాలి. ఆకు ఈనె గీస్తుంటే మణికట్టు కదలదు, మోచేతి నుంచి చెయ్యి మొత్తం కదులుతుంది. చూడ్డానికి తేలిగ్గా ఉండే ఈ కదలిక అలవడటానికి ఏళ్ళు పడుతుంది.

ప్రతి గీతా ఎక్కడో ఒకచోట ఇంకో గీతను కలిసి మూసుకోవాలి. పొలం గట్టుకు గండి పడితే నీరు పక్క మడిలోకి పోయినట్టే, గీతలో వెంట్రుకవాసి సందు ఉన్నా ఈ రేకులోని ఎరుపు పక్క రేకులోకి పోతుంది. అందుకని మైనం వేయడం అయ్యాక గుడ్డను వెలుతురుకు ఎదురుగా పెట్టి వెనక వైపు నుంచి చూస్తారు. ముందు నుంచి కనపడని సందులు వెనక నుంచి కనిపిస్తాయి. వాటిని వెనక నుంచే మైనంతో పూడుస్తారు.

ఇక రంగు. జావాలో గుడ్డను మొత్తంగా రంగు తొట్టెలో ముంచే పద్ధతి తరాలుగా ఉంది. మలేసియాలో 1960ల తర్వాత బ్రష్‌తో రంగు నింపడం బాగా స్థిరపడింది. గీతల మధ్య గడిని ముందు నీటితో తడిపి, తడి ఆరకముందే ఒక అంచున ముదురు రంగు పెడతారు. అది తనంతట తాను లేతగా పరుచుకుంటూ పోయి అవతలి గీత దగ్గర ఆగుతుంది. మలేసియా బాతిక్ పూలలో రేకు మొదట ముదురుగా, కొసకు పోయేకొద్దీ లేతగా కనిపించడం ఇలా వచ్చిందే. తడి రంగు మీద ఉప్పురవ్వలు చల్లితే ఉప్పు చుట్టుపక్కల రంగును లాక్కొని నక్షత్రాల్లాంటి మచ్చలు పడతాయి. చూసేవాళ్ళు దీనికి ముచ్చటపడతారు. వర్క్‌షాపుల్లో పిల్లలకు ఇది మొదట చూపిస్తారు. అందంగానే ఉంటుంది గానీ, గీత సరిగ్గా రాని చోట దాన్ని కప్పిపుచ్చడానికి ఉప్పు చల్లిన గుడ్డలు కూడా బోలెడు.

టెంగ్ దారి ఇంతకంటే కష్టం. ఆయన చిత్రాల్లో మైనం కేవలం గీత కాదు. లేత రంగు వేసి, అలాగే ఉంచాలనుకున్న చోట మైనంతో కప్పి, దాని మీద ఇంకాస్త ముదురు రంగు వేసి, మళ్ళీ కప్పి, అలా లేత నుంచి ముదురుకు మెట్టు మెట్టుగా పోవాలి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ అవుతుంది. ఆ పసుపు పసుపుగానే మిగలాలంటే నీలం రాకముందే మైనం కిందికి పోవాలి. నూనెరంగులతో పనిచేసేవాడు అంతా అయ్యాక చివర ఒక తెల్లచుక్క పెట్టి బొమ్మ కంట్లో మెరుపు తెస్తాడు. బాతిక్ చిత్రకారుడు ఆ చుక్కను మొదటి రోజే, ముఖమింకా లేకముందే, ఖాళీ తెల్లగుడ్డ మీద మైనంతో దాచుకోవాలి. ఆ తర్వాత పొర మీద పొరగా మైనం పరుచుకొంటూ పోయేకొద్దీ బొమ్మ కనపడటం మానేస్తుంది. దాదాపు పూర్తయిన చిత్రం, గోధుమరంగు మైనపు పలకలా, ఏమీ తెలియకుండా ఉంటుంది. మైనం వదిలిన రోజునే తాను వేసిందేమిటో చిత్రకారుడు కూడా చూస్తాడు.

ఆ వదిలించే పనికి ముందు రంగు స్థిరపడాలి. ఇప్పటి మలేసియా బాతిక్‌లో ఎక్కువగా వాడే రంగులకు సోడియం సిలికేట్ ద్రావణం పూసి, కొన్ని గంటలు, మామూలుగా రాత్రంతా, వదిలేస్తారు. పొద్దున జిగురు జిగురుగా ఉన్న గుడ్డను నీళ్ళలో జాడించి, చాకలి సోడా వేసి మరిగిస్తున్న నీళ్ళలో ముంచి తీస్తారు. మైనం కరిగి పైకి తేలుతుంది. దాన్ని తెట్టులా తీసి మళ్ళీ వాడుకుంటారు. నీళ్ళు మాత్రం రంగుతో, సిలికేట్‌తో, మిగిలిన మైనంతో మురుగు కాలవలోకి పోతాయి. తూర్పు తీరపు రాష్ట్రాల్లో ఈ మురుగు సంగతి నిజంగా పెద్ద సమస్య. చేతిపని కాబట్టి ప్రకృతికి చెరుపు చేయదని అనుకోవడం సరికాదు. శుద్ధి చేయకుండా వదిలిన బాతిక్ నీరు ఏ అద్దకపు మిల్లు నీటికీ తీసిపోదు.

తూర్పు తీరమంటే కెలంతాన్, తెరెంగ్గాను. మలేసియా బాతిక్‌కు పుట్టిల్లు ఆ రెండు రాష్ట్రాలే. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అక్కడి కుటుంబాలు జావా పనిని చూసి తమ పద్ధతి కట్టుకున్నాయి. మొదట చెక్క అచ్చులు, తర్వాత లోహపు రేకులను వంచి అతికిన అచ్చులు. వేడి మైనంలో ముంచి గుడ్డ మీద అద్దుతారు. సారంగు గుడ్డకు రెండు భాగాలు: ఒళ్ళంతా పరుచుకొనే బదాన్, కట్టుకున్నప్పుడు ప్రత్యేకంగా కనబడే కెపాలా. కెపాలాలో ఎదురెదురుగా రెండు వరసల త్రికోణాలు వస్తాయి. వాటిని వెదురు మొలకలంటారు. ఇస్లాం సంప్రదాయం బలంగా ఉన్న ప్రాంతం కాబట్టి మనుషులు, జంతువుల రూపాలు తగ్గి పూలు, ఆకులు, తీగలు పెరిగాయి. జావా గుడ్డలోని ముదురు గోధుమ, ఇటుక రంగుల స్థానంలో గులాబి, లేత నీలం, ఊదా వచ్చాయి. ప్రభుత్వోద్యోగులు గురువారం నాడు బాతిక్ వేసుకొని రావడం అక్కడ ఆనవాయితీ. ఇండోనేషియా బాతిక్‌కు 2009లో యునెస్కో గుర్తింపు దక్కినప్పుడు బాతిక్ ఎవరిదన్న వాదం రేగింది. ఈ వాదం వల్ల గుడ్డకు ఒరిగిందేమీ లేదు.

ఎందుకంటే ఆ త్రికోణాల వరసల దగ్గర ఒక తెలుగు మనిషి ఆగిపోక తప్పదు. మచిలీపట్నం చుట్టుపక్కల అద్దకం గుడ్డలు ఒకప్పుడు తూర్పు దీవులకు ఓడల్లో వెళ్ళాయి. ఆ దీవుల్లో లవంగాలు, జాజికాయలు కొనాలంటే వెండి కన్నా మన కోస్తా గుడ్డ బాగా చెల్లేది. మలక్కా రేవు దానికి పెద్ద సంత. 1511లో పోర్చుగీసువాళ్ళు మలక్కాను పట్టుకున్నప్పటికే కోరమండల్ తీరపు వర్తకులు అక్కడ స్థిరపడి ఉన్నారు. సరిగ్గా 100 ఏళ్ళకు, 1611లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొఠీ పెట్టడానికి ఒక పెద్ద కారణం ఈ గుడ్డలే. డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చారు. కొనేవాళ్ళ అభిరుచిని బట్టి మన అద్దకందార్లు గుడ్డ కొసల్లో త్రికోణాల వరసలు వేసి పంపేవారు. మలయా తోటలకు మన కూలీలు ఓడెక్కడానికి ఎన్నో తరాల ముందే మన గుడ్డ ఆ నేలకు పరిచయం.

ఇంకో బంధుత్వం మైనంలో ఉంది. కోరమండల్ తీరపు చింట్జ్ అనే అద్దకం గుడ్డల్లో నీలం రంగు కావాల్సిన చోటు వదిలి మిగిలిన గుడ్డంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టెలో ముంచేవారు. అంటే మైనంతో రంగును ఆపే విద్య మనకు తెలిసిందే. కానీ మన కలంకారీ ప్రాణం వేరే చోట ఉంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరేస్తే, ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టిన కసిం తగలగానే నల్లటి గీత పడుతుంది. పటిక పూసిన చోటే చిరివేరు ఎరుపు అంటుకుంటుంది, పూయని చోట నుంచి వదిలిపోతుంది. బాతిక్ వద్దన్న చోటును కప్పి రంగును ఆపుతుంది. కలంకారీ కావాలన్న చోటును సిద్ధం చేసి రంగును రమ్మంటుంది. శ్రీకాళహస్తి కలం వెదురు పుల్లకు ఊలు గుడ్డ చుట్టి దారంతో బిగించినది, వేళ్ళతో నొక్కితే రసం దిగుతుంది. చాంతింగ్‌కు నొక్కుడు లేదు, వంపే దాన్ని నడిపిస్తుంది. రెండు పనిముట్లనూ పక్కపక్కన పెట్టి ఒక ప్రదర్శన జరగాలని నాకెంతో కోరిక. ఇన్నాళ్ళూ ఎందుకు జరగలేదా అనిపిస్తుంది.

ఆ కోరిక వెనక ఒక ప్రశ్న ఉంది. టెంగ్ పెనాంగ్‌లో తన గుడ్డలను గోడకెక్కించిన ఆ దశాబ్దంలోనే మన దగ్గర శ్రీకాళహస్తి కలంకారీ చివరి ఊపిరి దాకా వచ్చి బతికింది. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. ఆ ఆసరా లేకపోతే ఈరోజు పనిచేసే చేతుల్లో చాలా ఉండేవి కావు. రెండు తీరాల్లోనూ పనిముట్టు, గుడ్డ, రంగు, కథ అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ గుడ్డ ప్రదర్శనశాలకు వెళ్ళింది, ఇక్కడ హస్తకళల దుకాణానికి వెళ్ళింది. అక్కడ చిత్రం మీద టెంగ్ అని సంతకం పడింది, ఇక్కడ చాలా ఏళ్ళు గుడ్డకు ధర చీటీ తప్ప పేరు పడలేదు. జొన్నలగడ్డ గురప్పశెట్టి లాంటి మహానుభావుడికి 2008లో పద్మశ్రీ వచ్చింది, నిజమే. ఆయన పేరు తెలియని తెలుగు ఇళ్ళలో కూడా కలంకారీ చీర ఉంటుంది, అదీ నిజమే. ఏది కళ, ఏది చేతివృత్తి అని పండితులు ఎన్నో పేజీలు రాశారు. పెనాంగ్ చరిత్ర చూస్తే జవాబు అంత లోతైనదేమీ కాదనిపిస్తుంది. మొదటిసారి ఎక్కడ వేలాడదీశారన్నది సగం తేలుస్తుంది. పక్కన ఎవరి పేరు రాశారన్నది మిగతా సగం తేలుస్తుంది.

అయితే ఈ కథలో అందరికీ న్యాయం జరగలేదు. 1957లో మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1958 ఆగస్టులో కౌలాలంపూర్‌లో జాతీయ చిత్రశాల తెరుచుకుంది. మలయ్, చీనా, భారత మూలాల జనమంతా తమదనుకోగల కళ ఏదని కొత్త దేశం వెతుకుతున్న రోజులవి. టెంగ్ చిత్రాల్లో గ్రామీణ స్త్రీలు, తల్లీబిడ్డలు, పళ్ళమ్మేవాళ్ళు ఉన్నారు. అది స్థానిక గుడ్డ, స్థానిక పని, వేసింది చైనా నుంచి వచ్చిన చెయ్యి. దేశం ఆ చిత్రాలను అక్కున చేర్చుకుంది. ఆయన చిత్రం ఒకటి 1968లో యునిసెఫ్ శుభాకాంక్షల కార్డు మీదికి ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. ఆ వెనకే అనుకరణలు వచ్చిపడ్డాయి. కొబ్బరిచెట్టు, పడవ, సూర్యాస్తమయం, ఒకే కొలతలో వందలకొద్దీ. పర్యాటకుల దుకాణాలు నిండాయి. విమర్శకులు మొత్తం బాతిక్ చిత్రకళనే పర్యాటకుల సరుకని చిన్నచూపు చూడటం మొదలెట్టారు. ఆ చూపు కెలంతాన్‌లో పుట్టిన ఖలీల్ ఇబ్రహీం, ఇస్మాయిల్ మత్ హుస్సిన్‌ల మంచి బాతిక్‌ల మీద కూడా పడింది. ఇస్మాయిల్ పల్లె మనుషుల మీద పడే వెలుతురును గోధుమ, నీలి ఛాయల్లో ఎంత పొదుపుగా పట్టుకున్నాడో చూసినవాళ్ళెవరూ దాన్ని సరుకు అనలేరు. ఫాతిమా చిక్ అయితే మనుషుల బొమ్మలు వదిలి, సారంగు అచ్చులనే ఒకదాని మీద ఒకటి అద్ది, దీవుల పాత నేతల నమూనాలను గుర్తుచేసే పెద్ద గుడ్డలు చేసింది. ఇక కార్ఖానాల్లో రోజుకూలికి మైనం అద్దేవాళ్ళ సంగతి మన పెడన అచ్చు కలంకారీ పనివాళ్ళ సంగతే. వాళ్ళ పేరు ఏ గోడ మీదా లేదు.

ఈ చిన్నచూపును తట్టుకొని పని నిలబడిందంటే, దానికి పెద్ద చిత్రశాలల కన్నా ఊళ్ళలోని చిన్న చోట్లే ఎక్కువ కారణమని నేననుకుంటాను. టెంగ్ కుటుంబం పెనాంగ్ దీవిలోని బటు ఫెరింగీలో యాహోంగ్ గ్యాలరీని నడిపింది. కొడుకులూ బాతిక్ చిత్రకారులయ్యారు. అదే దీవిలోని జార్జ్‌టౌన్ నగరంలో, అర్మేనియన్ వీధిలోని పాత దుకాణపు ఇంట్లో 2013లో బాతిక్ చిత్రాల మ్యూజియం తెరిచారు. ఇరుకు మెట్లు, సన్నని పొడవాటి గదులు. కౌలాలంపూర్‌లో జలన్ కాన్లే మీదున్న క్రాఫ్ట్ కాంప్లెక్స్‌లో చిత్రకారులకు వరసగా చిన్న చిన్న కుటీరాలిచ్చారు. అక్కడ గుమ్మంలో నిలబడి చూస్తే లోపల గోడ మీద పూర్తయిన పని, కింద బల్ల మీద సగంలో ఉన్న పని రెండూ కనిపిస్తాయి. అదే ఊళ్ళో 1888 నాటి కూరగాయలు, చేపల మార్కెట్ కూల్చివేతకు దగ్గరపడి, 1980లలో కళల బజారుగా మారి నిలిచింది. సెంట్రల్ మార్కెట్ అని అందరూ పిలిచేది దాన్నే.

వీటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జార్జ్‌టౌన్‌లోని హిన్ బస్ డిపో. గురుద్వారా పేరు మీదున్న వీధిలో, 1940లలో కట్టిన బస్సుల డిపో. ముందు భాగం ఆర్ట్ డెకో గోడ, లోపల బస్సులు నిలిచే పెద్ద చావడి. బస్సులు పోయి పాడుపడ్డాక పైకప్పు లేని పెరట్లో చెట్లు మొలిచాయి. 2014 జనవరిలో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ అక్కడ తన ప్రదర్శన పెట్టాడు. అంతకు రెండేళ్ళ ముందు జార్జ్‌టౌన్ గోడల మీద సైకిలెక్కిన పిల్లల బొమ్మ వేసి ఊరికి పేరు తెచ్చినవాడు. ఆ ప్రదర్శనతో డిపో తలుపులు తెరుచుకొని మళ్ళీ మూసుకోలేదు. ఇప్పుడు చావడిలో స్థానిక చిత్రకారుల ప్రదర్శనలు, పెరటి గోడల మీద బొమ్మలు, ఆదివారం సంత. సంతకు కూరలు, రొట్టెలు, మట్టి కుండీలు కొనడానికి వచ్చిన కుటుంబం పక్క గదిలోకి తొంగిచూస్తుంది. చిత్రశాలకు వెళ్దామని ఎప్పుడూ అనుకోని మనిషి చిత్రం ముందు నిలబడేది అలాంటి చోటే. జార్జ్‌టౌన్‌కు 2008లో యునెస్కో వారసత్వ నగరం హోదా వచ్చాక అద్దెలు పెరిగి పాత కుటుంబాలు చాలా ఊరు వదిలాయి. అందుకే ఊరివాళ్ళు ఉచితంగా వచ్చిపోయే చావడి ఒకటి మిగలడం చిన్న సంగతి కాదు.

ఇలాంటి చోట బాతిక్ పెట్టేవాళ్ళకు నేను పదే పదే చెప్పే మాట, గుడ్డను అట్టకు అతికించవద్దని. అద్దం వెనక, అట్ట మీద అతికిన బాతిక్‌ను దూరం నుంచి చూస్తే నీటిరంగుల చిత్రానికీ దానికీ తేడా తెలియదు. పై అంచుకు వెదురు బద్ద తొడిగి, గోడకు రెండడుగుల ముందు వేలాడదీయాలి. చూసేవాళ్ళు వెనక్కి వెళ్ళి కూడా చూడాలి. వెనక నుంచి వెలుతురు పడితే మైనం ఎన్నిసార్లు వేశారో, ఎక్కడ సందు పూడ్చారో, ఎక్కడ చెయ్యి తడబడిందో అన్నీ తెలుస్తాయి. ఎండ సూటిగా పడకూడదు, రంగు వెలిసిపోతుంది. పెనాంగ్ తేమకు బూజు భయం ఉంది, గాలి ఆడితే అదీ తగ్గుతుంది. పక్కన చాంతింగ్ ఒకటి, మైనం పూర్తిగా కప్పేసి బొమ్మ కనపడని గుడ్డ ఒకటి పెడితే వివరణ ఫలకాల అవసరం సగం తీరిపోతుంది. ధర రాసేటప్పుడు ఎన్ని మైనాలు, ఎన్ని రంగులు పడ్డాయో కూడా రాయాలి. ఒక మైనంతో తేలిన గుడ్డకూ ఏడెనిమిది మైనాలు పడిన గుడ్డకూ ధరలో ఎందుకంత తేడా ఉందో కొనేవాళ్ళకు అప్పుడు అర్థమవుతుంది. చిత్రకారుడు ఒకరు, మైనం వేసినవారు ఇంకొకరు అయితే ఇద్దరి పేర్లూ రాయాలి.

ఈ పనికి తగిన చేతులు అక్కడి మనవాళ్ళలోనూ ఉన్నాయి. మలేసియాలో తెలుగువాళ్ళు తోటల్లో మొదలై, ఇప్పుడు అన్ని వృత్తుల్లోకీ పాకారు. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దతో ప్రాంతపు కొబ్బరి తోటల్లో తరాలుగా తెలుగు వినిపించింది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఆ ఇళ్ళలో సంక్రాంతికీ ఉగాదికీ ముగ్గు పడుతుంది, బీరువాలో బాతిక్ చొక్కా ఉంటుంది. ముగ్గు వేసే చేతికి చాంతింగ్ తొందరగా అలవడుతుందని నాకు గట్టి నమ్మకం. చుక్క నుంచి చుక్కకు చెయ్యెత్తకుండా పోవడం, మొదలెట్టిన చోటే గీత మూయడం ఆ చేతికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ ఇళ్ళ అమ్మాయిలు కలంకారీని పెళ్ళి చీరగానే కాకుండా నేర్చుకోదగ్గ పనిగా కూడా చూస్తే, ఆ రెండు విద్యలూ ఒకే చేతిలో కలిసేందుకు మలేసియాను మించిన చోటు లేదు.

నేర్చుకోవడానికి దారులున్నాయి. కార్ఖానాల్లో, గ్యాలరీల్లో, క్రాఫ్ట్ కాంప్లెక్స్‌లో కొత్తవాళ్ళకు చిన్న చట్రం, చేతిరుమాలంత గుడ్డ ఇచ్చి కూర్చోబెడతారు. చాలా చోట్ల మైనపు గీతలు ముందే వేసి ఉంచి రంగు మాత్రం నింపిస్తారు. అది సరదాగానే ఉంటుంది గానీ అడిగి ఖాళీ గుడ్డ తీసుకోండి. మొదటి గీత లావుగా వస్తుంది, చెయ్యి నెమ్మదిగా నడిచిందని అర్థం. రెండో గీత తెగిపోతుంది, మైనం చల్లారిందని అర్థం. ముక్కు పూడుకుపోతే గుచ్చి పొడవడం కన్నా గిన్నెను మళ్ళీ మరుగుతున్న మైనంలో కాసేపు ఉంచడం మేలు, పూడిక దానంతట అదే కరుగుతుంది. పువ్వు జోలికి పోకుండా ముందు గళ్ళు గీయండి. నిలువు గీత అడ్డగీతను తాకే చోట మాత్రం చాంతింగ్‌ను రవ్వంత ఆపాలి, అక్కడే సందులు మిగులుతాయి. రంగు పెట్టేటప్పుడు బ్రష్‌ను గీత దాకా తీసుకెళ్ళొద్దు, కాస్త ఇవతల ఆపితే మిగిలిన దూరం రంగే నడుస్తుంది. సిలికేట్ పూశాక తొందరపెట్టకండి. అదే రోజు ఉడికించి చేతిలో పెడతామంటే వద్దనండి, రంగు పూర్తిగా పట్టదు, మొదటి ఉతుక్కే సగం పోతుంది. ఊళ్ళో ఇంకో రోజు ఉండేలా చూసుకొని, గుడ్డను మర్నాడు తీసుకోండి.